నల్ల ఇంజను గురక

మా ఆయన క్లెమ్ నాతో ఎన్నడూ అబద్ధమాడలేదని నలుగురిలో ఒట్టు పెట్టి చెప్పాను. ఆ ఒట్టు పుణ్యమా అని పోయిన అక్టోబరులో ఒంటి మీది కోటు వదులుకోవాల్సి వచ్చింది. మా లాంకషైర్‌లో అక్టోబరంటే కోటు లేకుండా తిరిగే నెల కాదు.

గొడవంతా ఒక ఇంజను దగ్గర మొదలైంది. ఇంజనంటే జానెడు కూడా ఉండదు. నల్ల రంగు, ఆరు చక్రాలు, ముందు పొట్టి పొగగొట్టం. క్లెమ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని లోహపు ముక్కలు ఒక్కొక్కటే అతికి చేసుకున్నాడు. మా ఊరి రైల్వేలో సిగ్నల్ క్యాబిన్ ఆయనది. రోజూ సాయంత్రం బొగ్గు బళ్ళు లాక్కుంటూ ఆ క్యాబిన్ ముందు నుంచి వెళ్ళే నల్ల ఇంజనుకి ఇది నకలు. అసలు ఇంజను తుక్కులోకి పోయింది. పట్టాలు పీకేశారు. స్టేషనున్న చోట ఇప్పుడు టైర్ల కొట్టు. నేను నేత పని చేసిన మిల్లు కూడా లేదు. దాని పొగగొట్టం కూల్చిన రోజు ఊరంతా రోడ్డు మీద నిలబడి చూశాం. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఏం ఘనకార్యమని కొట్టారో నాకిప్పటికీ బోధపడలేదు.

ఊరు ఇలా ముక్క తర్వాత ముక్క పోతుంటే క్లెమ్ దాన్ని మా అటక మీద ముక్క తర్వాత ముక్క కట్టుకుంటూ వచ్చాడు. ఇక మా ఊళ్ళో చిన్న రైళ్ళ క్లబ్బు ఒకటుంది. పాత ప్రార్థనామందిరం కింది హాల్లో కూడే మగవాళ్ళు. వీళ్ళు కూడా ఏళ్ళ తరబడి కష్టపడి మా పాత స్టేషన్ని పెద్ద బల్లల మీద కట్టారు. దాన్ని పోయిన శరదృతువు ప్రదర్శనలో మొదటిసారి జనానికి చూపించాలని అనుకున్నారు. ఆ మొదటి రోజు సాయంత్రపు బొగ్గు బండిని తన నల్ల ఇంజనే లాగాలని క్లెమ్ కోరిక. సరేనని క్లబ్బువాళ్ళు చేతిలో చెయ్యేసి మాటిచ్చారు. ఏప్రిల్‌లో ఆయన పెరట్లో కూరగాయల మడి దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

కోరిక మాత్రం నా దగ్గర మిగిలింది. అందుకే ప్రదర్శన శనివారమనగా బుధవారం సాయంత్రం ఇంజన్ని పసుపు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని క్లబ్బుకి వెళ్ళాను.

క్లబ్బుకి పెద్ద హొరేస్. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు, క్లెమ్‌కి చిన్నప్పటి నేస్తం. మనిషి మంచివాడే కానీ ఒక నియమం పెట్టాడంటే దేవుడొచ్చినా సడలించడు. గోల చేసే ఇంజను జనం ముందు నడవకూడదన్నది ఆ నియమాల్లో ఒకటి. అలాంటి ఇంజన్ని వాళ్ళు కాఫీ మర అంటారు. క్లబ్బులో ఒకడి ఇంజన్ని కాఫీ మర అంటే వాడి పెళ్ళాన్ని తిట్టినదానికన్నా పెద్ద తిట్టు.

హొరేస్ ఇంజన్ని పట్టాల మీద పెట్టి కంట్రోలరు మీట తిప్పాడు. అది కదిలింది. నేను దాన్ని చూడలేదు, హొరేస్ మొహం చూస్తున్నాను. ఎందుకంటే నాకు వినపడదు. బొత్తిగా కాదు గానీ, మగ్గాల హోరులో ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ ఆడదానికి ఎంత వినపడాలో అంతే. మా మిల్లు ఆడవాళ్ళం చెవులతో వినం, ఎదుటి మనిషి పెదవులు చూసి వింటాం. గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకుంటాం కూడా. దాన్ని మీమా అంటాం. మీమా వచ్చిన ఇద్దరం ఉంటే చాలు, నిండు సభలో కూర్చుని ఊరందరినీ ఆడిపోసుకోవచ్చు, పక్కనున్నవాడికి చీమంత శబ్దం కూడా పోదు.

హొరేస్ మీసం పైకి లేచింది. పక్కనే ఉన్న డెస్మండ్ ఒక కన్ను మూశాడు. ఈ డెస్మండ్ మాంసం కొట్టువాడు. హాలు చివర వంటగది కిటికీలో టీ కలుపుతున్న విన్నీ నా వైపు చూసింది. విన్నీ నాతోపాటే మిల్లులో పనిచేసింది, నాకన్నా చెవిటిది.

"ఏమైందే?" అంది పెదవులతో.

"ఏమోనే. ఇద్దరూ నిమ్మచెక్క నమిలినట్టు మొహాలు పెట్టారు" అన్నాను పెదవులతోనే.

హొరేస్ నా ఎదురుగా వచ్చి నిలబడి, మాటల్ని పెద్ద పెద్దగా నోట్లో ఆడిస్తూ చెప్పాడు. మా ఊళ్ళో డెబ్భై ఏళ్ళ ముసలిదాన్ని కూడా అమ్మాయ్ అనే పిలుస్తారు.

"అమ్మాయ్, ఇది గురగురమంటోంది."

"అనదు."

"అంటోందమ్మాయ్. నేను వింటున్నాగా."

"క్లెమ్ దాన్ని ఎప్పుడో బాగుచేశాడు. బాగుచేశానని నాకు చెప్పాడు. మా ఇంట్లో, నా మంచానికి సరిగ్గా పైన, ఇన్నేళ్ళు తిరిగిందది. గురగురమంటే నాకు తెలీదా?"

హొరేస్ డెస్మండ్ వైపు చూశాడు, డెస్మండ్ నేల వైపు చూశాడు. ఆ చూపులకి అర్థం చెప్పడానికి మీమా అక్కర్లేదు.

"సరే, విప్పి చూద్దాం" అన్నాడు హొరేస్.

విప్పారు. మగవాళ్ళకి ఇంజను విప్పడమంటే పండగ. హొరేస్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, డెస్మండ్‌కి పాఠం మొదలుపెట్టాడు.

"కీచుమంటే నూనె లేక. టకటకమంటే ఎక్కడో మర వదులై. గురగురమందంటే పళ్ళ చక్రాల దగ్గర తేడా. ముందు ఏదో తేల్చుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి."

"రెండు చుక్కల నూనె వేస్తే అన్నీ పోతాయి" అన్నాడు డెస్మండ్.

"నీకు నూనె తప్ప ఇంకోటి తెలీదు. నీ ఇంజన్లు పట్టాల మీద నడవవు, జారతాయి."

ముందు పై తొడుగు తీసేసి నడిపారు, తొడుగు మోటారుకి తగులుతోందేమోనని. అది కాదు. చక్రాలని కలిపే కడ్డీలు ఊడదీసి నడిపారు. అదీ కాదు. ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి నడిపారు. ఒక వైపే గోల చేస్తే మోటారు ఇరుసు అటూ ఇటూ ఊగుతున్నట్టట, పల్చటి వాషరు వేస్తే సరిపోతుందట. రెండు వైపులా ఒకేలా ఉంది. ఇక మిగిలింది పళ్ళ చక్రాలు. హొరేస్ సిగరెట్టు చుట్టుకునే పల్చటి కాగితం చింపి, మోటారు ఇరుసు మీది మెలికల గేరుకీ దాని కింది పళ్ళ చక్రానికీ మధ్య దూర్చాడు. ఆ కాగితమంత సందు ఉంటే పళ్ళు సరిగ్గా కూర్చున్నట్టు లెక్కట. సరిగ్గానే కూర్చున్నాయి. ఇంజన్ని మెత్తటి దిండు మీద వెల్లకిలా పడుకోబెట్టి చక్రాలు తిప్పితే ఇద్దరూ తలలు ఊపారు.

"నిశ్శబ్దంగా ఉంది" అన్నాడు హొరేస్.

"చెప్పానా!" అన్నాను.

మళ్ళీ పట్టాల మీద పెట్టాడు. మళ్ళీ మీసం లేచింది.

ఇద్దరూ హాలు ఆ మూలకి పోయి, నాకు వీపు తిప్పామనుకుని మాట్లాడుకున్నారు. అక్కడి కిటికీ అద్దంలో డెస్మండ్ నోరు నాకు చక్కగా కనిపిస్తూనే ఉంది.

"పాపం, ఆవిడకేం వినపడుతుంది గురూ? ఇంటి మీద విమానం కూలినా తెలీదు."

"అది నీ మాంసం కొట్టు మీద కూలితే ఈ చెవులకి కూడా తెలుస్తుందిలే డెస్మండ్!" అని హాలు ఈ చివర నుంచి అరిచాను. వాడి మెడ వాడి కొట్టులో వేలాడే మాంసమంత ఎర్రగా అయింది. వంటగది కిటికీలో విన్నీ ఏప్రాన్‌తో నోరు మూసుకుంది.

నోటితో గెలిచాను కానీ నా లోపల ఏదో బెదురు పుట్టింది. ఇంజను బల్ల మీద తిరుగుతూనే ఉంది. నేను వెళ్ళి పట్టాల పక్కన బల్ల మీద అరచెయ్యి ఆనించాను. మగ్గానికి ఒంట్లో బాగా లేదంటే మేం ముందు చెయ్యి ఆనించి చూసేవాళ్ళం, అలవాటది. ఆ ప్లైవుడ్ బల్ల నా చేతి కింద వణుకుతోంది. పొద్దున్నే షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారి మొదలైనప్పుడు నేల ఎలా వణికేదో అలా, సన్నగా, ఆగకుండా.

వాళ్ళు చెప్పింది నిజమే. ఇంజను గురగురమంటోంది.

క్లెమ్ బాగుచేశానన్నాడు. నేను నమ్మి ఇన్నేళ్ళు దాని కింద పడుకున్నాను. అయితే ఆయన నాతో అబద్ధమాడి ఉండాలి, లేదా ఆ గోలని నా ఒళ్ళే పట్టించుకోకుండా పోయి ఉండాలి. అబద్ధమైతే ఆయన నేననుకున్న మనిషి కాదు. రెండోదైతే నా తల మీద ఇన్నేళ్ళు గడిచిన ఆయన సాయంత్రాల గురించి నాకేమీ తెలీదు. ఈ రెంటిలో ఏది మేలో నాకు తోచలేదు.

హొరేస్ వచ్చి మెల్లిగా చెప్పాడు. "వెల్లకిలా తిరిగితే నిశ్శబ్దం, బరువు మోస్తే గోల. పళ్ళు అరిగుంటాయి అమ్మాయ్. కొత్తవి తెప్పించాలి. శనివారానికి అందవు. ఈసారికి బొగ్గు బండిని డెస్మండ్ ఇంజను లాగుతుంది. క్లెమ్ ఇంజన్ని పక్కనే గాజుపెట్టెలో, ఆయన పేరు రాసి పెడతాం."

"గాజుపెట్టెలో పెట్టడానికి అదేమైనా చచ్చాక గడ్డి కూరిన గుడ్లగూబా?"

"వచ్చే ఏడాది నడుపుదాం."

"నువ్వు మాటిచ్చింది ఈ ఏడాదికి. ఆయన చేతిలో చెయ్యేసి ఇచ్చావు."

హొరేస్ తల దించుకున్నాడు. నియమం సడలదని నాకు తెలుసు. క్లెమ్ బతికుంటే ఆయనే ముందు ఒప్పుకునేవాడు కాదు, వాళ్ళందరిదీ ఒకటే మతం.

"మా ఆయన నాతో ఎన్నడూ అబద్ధమాడలేదు" అన్నాను, ఒట్టు కూడా పెట్టాను. "రేపు సాయంత్రం మా ఇంటికి రా. అటక మీద ఆయన పట్టాల మీద నడిపి చూడు. అక్కడ కూడా గురగురమంటే గుడ్లగూబనే చేసుకో."

ఏప్రిల్ నుంచి నేను ఆ అటక ఎక్కలేదు. ఎవర్నీ ఎక్కనివ్వలేదు. ఆ రాత్రి నిచ్చెన వైపు చూస్తూ పడుకున్నాను కానీ నిద్ర రాలేదు.

నిజానికి ఆ అటక మీద మాకో పెద్ద యుద్ధం జరిగింది. మిల్లు ఇంకా నడుస్తున్న రోజులు. నాది పొద్దున్నే మొదలయ్యే షిఫ్టు, వేసవిలో అయితే ఇంకా వెలుతురుండగానే పడుకోవాలి. క్లెమ్ డ్యూటీ దిగొచ్చి అటకెక్కేవాడు. నాకు చెవుల్లో ఏమీ పడేది కాదు గానీ మంచం కోళ్ళు వణికేవి, అద్దం వణికేది, నా పళ్ళు వణికేవి. ఒకరోజు ఓపిక పట్టలేక లేచి నిచ్చెన కింద నిలబడి అరిచాను.

"పగలంతా మగ్గాలే, రాత్రి మంచం కూడా మగ్గమేనా? నీకా బొమ్మ బండి కావాలో నేను కావాలో తేల్చుకో!"

ఆ మనిషితో వచ్చిన చిక్కే అది, పోట్లాటకి రాడు. కొన్నాళ్ళు అటక మీద ఏదో కోయడం, అతకడం జరిగింది. చలికాలం మొదలయ్యాక ఒక సాయంత్రం పడకగది గుమ్మంలో నిలబడి గొంతు లేకుండా పెదవులు కదిలించాడు. నా కోసమే మీమా నేర్చుకున్నాడు, దొంగ మాటలతో సహా.

"ఇంజన్ని బాగుచేశాను. ఇక పడుకో."

ఆ రోజు నుంచి మంచం వణకలేదు.

గురువారం సాయంత్రం హొరేస్ వచ్చాడు. విన్నీ కూడా వచ్చింది, నాకు తోడని చెప్పింది కానీ అసలు సంగతి చోద్యం చూడడానికి. మాంసం, బంగాళాదుంప కూరి కాల్చిన పిండిరొట్టె పెట్టాను. తిన్నాక ముగ్గురం అటకెక్కాం.

దీపం వేయగానే మా ఊరు కనిపించింది. స్టేషను, గడియారం, వంతెన, రెండు పొగగొట్టాలతో మిల్లు, మిల్లు గేటు దగ్గర షాళ్ళు కప్పుకున్న వేలెడు ఆడవాళ్ళు. నీళ్ళ ట్యాంకు పక్కన సిగ్నల్ క్యాబిన్, దాని కిటికీలో చొక్కా చేతులు మడుచుకున్న మనిషి. విన్నీ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. "మన క్యాంటీన్ కూడా పెట్టాడే" అంది పెదవులతో. నాకు ఏడుపొస్తుందని గట్టిగా "దుమ్ము చూడు, ఎంత పేరుకుందో" అన్నాను.

హొరేస్ పట్టాలు తుడిచి, ఇంజన్ని పెట్టి, మీట తిప్పాడు. ఇంజను మిల్లు దాటింది, వంతెన దాటింది, సొరంగంలోకి పోయి ఇటు వచ్చింది. నేను హొరేస్ మీసం వైపే చూస్తున్నాను. అది కదల్లేదు. బల్ల మీద అరచెయ్యి పెట్టాను. ఏమీ లేదు. నిద్రపోతున్న పిల్లి ఒంటి మీద చెయ్యేసినట్టుంది.

"విన్నావా?" అన్నాను.

"వినడానికేం లేదమ్మాయ్!" అన్నాడు హొరేస్, దిమ్మెరపోయి. "అదే ఇంజను. అవే పళ్ళు. నిన్న కాఫీ మరలా ఉన్నది ఇవాళ ఇలా..."

"మా ఆయన బాగుచేశాడని చెప్పలేదూ!"

హొరేస్ నా గెలుపుని పట్టించుకోలేదు. మోకాళ్ళ మీద కూలబడి బల్ల అంచు కింద నుంచి, పక్క నుంచి చూడసాగాడు. గోడవైపు ఎక్కడికీ పోని ఒక చిన్న లైను ఉంది. దానికి కంకర పోయలేదు, రంగు వేయలేదు. హొరేస్ లేచి ఇంజన్ని తీసుకెళ్ళి దాని మీద పెట్టాడు.

"ఇక్కడ చెయ్యి పెట్టు, తియ్యకు" అన్నాడు.

ఇంజను నెమ్మదిగా కదిలింది. మొదటి మూరెడు మేర పట్టాలు ఉత్త చెక్క మీద ఉన్నాయి. నా చేతి కింద బల్ల గురక పెట్టింది. ఆ తర్వాత పట్టాల కింద అట్టముక్కలున్నాయి. గురకే. అది దాటాక వంటింట్లో గిన్నెలు తోముకునే స్పాంజి, పల్చగా కోసి వేసింది. గురక కొంత తగ్గింది గానీ ఇంజను పడవలా ఊగింది. తర్వాత తివాచీ ముక్క. ఇంకొంచెం తగ్గింది. చివరి మూరెడులో ఆకుపచ్చ గుడ్డ. ఇంజను దాని మీదికి వచ్చేసరికి నా చేతికి ఏమీ తెలీకుండా పోయింది.

"ఇంజన్ని వాడు ముట్టుకోనే లేదు" అన్నాడు హొరేస్ నెమ్మదిగా. "ఇంజన్లో తప్పే లేదు, పాత మోటారు కదా, అన్నిటికీ ఉండేంత వణుకే దానికీ ఉంది. చప్పుడంతా బల్లది. చెక్క మీద పట్టాలు బిగించి కొడితే బల్ల డోలవుతుంది. మేం నిన్న డోలు మీద ఇంజన్ని పెట్టి ఇంజన్ని విప్పుతూ కూర్చున్నాం. నా అంత గాడిద ఇంకోడు లేడు. ఇదంతా వాడు ఒక్కో రకం వేసి చూసుకున్నాడు. ఆఖరికి ఈ పచ్చ ఉన్ని గుడ్డ కుదిరింది. ఊరంతా పట్టాల కింద అదే పరిచి పైన కంకర పోశాడు. మంచి మందమైన ఉన్ని. ఎక్కడ దొరికిందో!"

ఆ పచ్చ రంగు నాకు తెలుసు.

పెళ్ళికి ముందు మిల్లు సెలవుల వారంలో సముద్రపు ఒడ్డున ఉన్న బ్లాక్‌పూల్ వెళ్ళినప్పుడు ఒక కోటు కొనుక్కున్నాను. సీసా పచ్చ రంగు, పెద్ద పెద్ద బొత్తాలు. పెళ్ళి రోజు చర్చి నుంచి రైలెక్కింది అందులోనే. తర్వాత అంచుల్లో చిమ్మట కొట్టింది, తొడుక్కోవడం మానేశాను, అయినా ఎవరికీ ఇవ్వనని బీరువాలో దాచుకున్నాను. మా అటక యుద్ధం జరిగిన ఏడాదే ఆ కోటు మాయమైంది. పాత బట్టల అమ్మకానికి సంచి కట్టేటప్పుడు పొరపాటున వేసేశానని క్లెమ్ చెప్పాడు. నేనేం ఊరుకోలేదు. రెండు చలికాలాలు ఊళ్ళో పచ్చ కోటు వేసుకున్న ప్రతి ఆడదాని వెనకా పడ్డాను. సంతలో ఒకావిడ చెయ్యి పట్టుకుని లాగితే ఆవిడ మా పాస్టరుగారి భార్య అయ్యి కూర్చుంది. క్లెమ్ నాకు బదులుగా ముదురు నీలం కోటు కొనిచ్చాడు. దానికన్నా ఖరీదైనదే, దానికన్నా వెచ్చనిదే. నేను ఏ రోజూ దాన్ని మెచ్చుకోలేదు. "నా పచ్చ కోటు ముందు ఇదెంత" అని పాతికేళ్ళ పైన దెప్పాను. ఆయన తలూపి ఊరుకునేవాడు.

నీళ్ళ ట్యాంకు మూత వైపు చూశాను. గుండ్రంగా, సరైన అంచుతో, మధ్యలో నాలుగు చుక్కలు. గోరుతో రంగు గీకాను. కింద పచ్చటి బొత్తాం.

"ఏమిటే అది?" అంది విన్నీ.

"నా పెళ్ళికోటు" అన్నాను. "దొంగ వెధవ. దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి రైళ్ళ కింద పరిచాడు. నేను పాస్టరు పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టబోతే కూడా నోరు విప్పలేదు."

రేకు పెట్టె మీద కూర్చుని తిట్టాను. కడుపునిండా తిట్టాను. తిడుతూ తిడుతూ ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టానో నాకే తెలీదు. ఆ మనిషి నాతో ఆడిన అబద్ధాలు రెండే. ఇంజన్ని బాగుచేశాననీ, కోటు అమ్మకంలో పోయిందనీ. రెండూ నేను నిద్రపోవడానికే ఆడాడు. అట్ట వేసి, స్పాంజి వేసి, తివాచీ వేసి, ఏదీ కుదరక, ఆఖరికి బీరువా తలుపు తీసి ఎంతసేపు నిలబడ్డాడో! నా మీద కన్నా ఆ కోటు మీదే నాకు ప్రేమ ఎక్కువని ఆయనకి తెలుసు.

హొరేస్ ఆ గోడవైపు లైను కింది గుడ్డ అంచు వేలితో తాకాడు. "అమ్మాయ్, ఇందులోంచి కొన్ని పట్టీలు జాగ్రత్తగా ఊడదీస్తే, మా బల్ల కింద ముందు వైపుకైనా సరిపోతాయి. శనివారానికి..."

"చెయ్యి తియ్యి హొరేస్."

"పాడుచెయ్యను. మళ్ళీ తెచ్చి..."

"ఆయన పరిచింది పరిచినట్టు ఉంటుంది. ఒక్క పోగు కదిలినా నిచ్చెన లాగేసి నిన్ను ఇక్కడే ఉంచేస్తాను."

నేను కిందికి దిగి, గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న నీలం కోటు తీసి వంటింటి బల్ల మీద పరిచాను. ఎన్ని చలికాలాలు తొడిగానో దాన్ని, ఎన్నిసార్లు తిట్టానో. ఆ రోజే మొదటిసారి తడిమి చూశాను. మంచి నేత. మనసు పెట్టి ఏరి కొన్నాడు.

"మతి పోయిందే నీకు?" అంది విన్నీ. "చలికాలం ముందుంచుకుని!"

"కత్తెర అందుకో."

"కొత్తది ఎవరు కొనిస్తారు నీకు?"

"ఇది కొనిచ్చినవాడే మంచి కారణానికి నా పచ్చ కోటు కోశాడు. నేను దీన్ని కోస్తే తప్పొచ్చిందా?"

హొరేస్ అడ్డంగా గీత గీయబోతే విన్నీ వాడి చేతిలో సుద్ద లాక్కుంది. "పడుగు వెంట కొయ్యాలయ్యా. అడ్డంగా కోస్తే సాగుతుంది, నీ రైలు పక్కకి పడుతుంది." మేమిద్దరం పట్టీలు కోశాం. చేతులు వాటంతటవే నడిచాయి. మధ్యలో మిల్లు క్యాంటీన్ గురించి, షెడ్డులో మమ్మల్ని చూసి ఈల వేసిన కుర్రవాళ్ళ గురించి గొంతు లేకుండా చెప్పుకుని నవ్వుకున్నాం. మేం ఎవరి గురించి నవ్వుతున్నామో తెలీక హొరేస్ తన బట్టతల తడుముకున్నాడు. శుక్రవారమంతా అతను మోకాళ్ళ మీద పాకుతూ క్లబ్బు బల్ల మీది పట్టాలు ఎత్తి, కింద నా కోటు పరిచాడు.

శనివారం హాలు నిండిపోయింది. బయట సన్నటి వాన. విన్నీ దగ్గర అరువు తెచ్చుకున్న షాల్ కప్పుకుని వెళ్ళాను. మా పాత స్టేషను ముందు జనం గుంపులు గుంపులుగా నిలబడి, ఇదిగో మా వీధి, అదిగో మా నాన్న పనిచేసిన గోదాము అని వేళ్ళు చూపించుకుంటున్నారు. సాయంత్రమయ్యేసరికి హొరేస్ టై సరిచేసుకుని, పసుపు గుడ్డ విప్పి, నల్ల ఇంజన్ని బొగ్గు బళ్ళ ముందు పెట్టాడు. నా వైపు ఒకసారి చూసి మీట తిప్పాడు.

బండి స్టేషన్లోకి వచ్చింది. ముందు వరసలో ఉన్న ముసలాయన ఎవరో టోపీ తీశాడు. డెస్మండ్ తల వంచి చెవి బల్లకి దగ్గరగా పెట్టి, లేచి హొరేస్‌ని అడగడం చూశాను.

"దీన్ని ఎలా బాగుచేశావు గురూ?"

"ఇంజన్ని ముట్టుకోలేదు. బల్లకి కోటు తొడిగాం" అన్నాడు హొరేస్.

హాలు చివర టీ బల్ల వెనక నుంచి విన్నీ పెదవులు కదిలాయి. "ఏమే, చప్పుడొస్తోందా?"

చెవిటిదాన్ని చెవిటిది అడగడం చూడండి. నేను జనాన్ని పక్కకి నెట్టి, బల్ల మీద అరచెయ్యి పరిచాను. బొగ్గు బళ్ళు ఒక్కొక్కటే నా వేళ్ళ ముందు నుంచి పోతున్నాయి. చేతి కింద ఏమీ లేదు. ఇన్నేళ్ళు నా తల మీద ఉన్నది ఈ ఏమీ లేకపోవడమే. నా నిద్ర అంతా క్లెమ్ అలా కాపలా కాసినదే.

లేదని విన్నీకి తల అడ్డంగా ఊపాను.

ఇంజను సిగ్నల్ క్యాబిన్ దాటి సొరంగం వైపు తిరిగింది. అది లోపలికి పోయేలోగా దాని వైపు వంగి, గొంతు లేకుండా, ఆయన గుమ్మంలో నిలబడి చెప్పినట్టే చెప్పాను.

"కోటు దొరికింది క్లెమ్. ఇక పడుకో."

తలెత్తేసరికి, నా పెదవుల వైపే చూస్తున్న విన్నీ మొహం అటు తిప్పుకుంది. ఎదురుగా ఉన్న మనిషి కప్పు నిండి సాసర్లోకి, సాసరు నిండి బల్ల మీదికి టీ కారుతోంది. అది చూసుకోకుండా పోస్తూనే ఉంది.